చాంద్ చూశాక హవా

గుడివాడలో మా మామూకి పంక్చర్ షాపు ఉంది. నా తెలుగు డిగ్రీ ఫీజు ఆ గల్లాలోంచే వచ్చింది. ఆ సంగతి నేను ఆఫీసులో ఎప్పుడూ చెప్పలేదు. "మీవాళ్లకి పంక్చర్లు వేయడమేగా పని" అని ఒకాయన నవ్వితే, నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

మొన్న నాగాయలంకలో మా చుట్టాల వలీమా. మామూ ముందురోజు రాత్రే బందరు వచ్చారు. ఫజర్ నమాజ్ అయ్యాక నేను సామాన్లు సర్దుతుంటే, ఆయన గేజ్ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతున్నారు.

"హవా కబ్ దేఖే బేటా?"

"సర్వీసింగ్‌లో చూసే ఉంటారు మామూ."

సర్వీసింగ్ అయి ఆరు నెలలు. డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీద 33 అని ఉంది. మూడు చక్రాల్లో 27, 28 ఉంటే, వెనక ఎడమ చక్రంలో 22. చూపుకి మాత్రం నాలుగూ ఒకేలా ఉన్నాయి. మామూ నా చెయ్యి పట్టుకుని టైరు తడిమించారు. రెండంచులూ నున్నగా అరిగిపోయాయి, మధ్యలో గీతలు లోతుగానే ఉన్నాయి. హవా తక్కువైతే బరువంతా అంచుల మీద పడుతుంది. టైరు పక్కభాగం మాటిమాటికీ మడతపడి లోపల వేడెక్కుతుంది. ఎండలో, నిండు బరువుతో, స్పీడు మీద పోతున్నప్పుడు పేలేది అలాంటి టైరే.

"రోజూ సఫర్ దుఆ చదివే బండి తీస్తాను మామూ" అన్నాను, తప్పు కప్పిపుచ్చుకోవడానికి.

"ముందు ఒంటెను కట్టెయ్ బేటా. తవక్కుల్ ఆ తర్వాత."

వెనక చక్రంలో సన్నటి మేకు దొరికింది. మామూ తన సంచి తెరిచి, మా గుమ్మం ముందే కూర్చుని పంక్చర్ వేశారు.

ఆయన చెప్పినవి ఇవి. బాగున్న టైరు కూడా నెలకి ఒకటి రెండు పాయింట్లు వదిలేస్తుంది. నైట్రోజన్ పట్టించినా చూడటం తప్పదు. కాబట్టి నెలకోసారి, దూరం వెళ్లే ముందు ఇంకోసారి చూడాలి. అదీ బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. నడిచిన టైరులో వేడికి అంకె పెరుగుతుంది, అది చూసి హవా తీసేయకూడదు. టైరు మీద అచ్చేసిన అంకె దాటకూడని హద్దు. మనం పెట్టించాల్సింది స్టిక్కర్ మీది అంకె. నిండా మనుషులుంటే ఎంత ఉండాలో కూడా చాలా బళ్లలో అక్కడే రాసి ఉంటుంది. స్టెప్నీనీ మరవకూడదు.

పులిగడ్డ దాటి దివిసీమలోకి వెళ్లాక రోడ్డు పక్కనే కాలవ. వెనక సీట్లో అమ్మీ, పిల్లలు నిద్రపోతున్నారు. ఆ 22 గుర్తొచ్చి స్టీరింగ్ మీద నా చేతులు చెమట పట్టాయి.

ఇప్పుడు చాంద్ కనబడిన మర్నాడు ఫజర్ కాగానే గేజ్ తీస్తున్నాను. మన నెల 29 రోజులో, 30 రోజులో. లెక్క తప్పదు.

మొన్న ఆఫీసులో ఒకతను టైర్ల గురించి అడిగాడు. "గుడివాడలో మా మామూ పంక్చర్లు వేస్తారు, ఆయన చెప్పారు" అని మొదలుపెట్టాను.