కుడికంటి నీలం

వయసుతో వచ్చే శుక్లం చాలామందిలో ముందుగా నీలాన్ని మింగేస్తుంది. అక్షరాల జోలికి తర్వాత వస్తుంది. కనుపాప వెనక పుట్టుకతో ఉండే కటకం ఏళ్ల తరబడి పచ్చబడుతూ పోతుంది. పచ్చబడ్డ కటకం నీలి కాంతిని సరిగా లోపలికి రానివ్వదు. తెల్ల గోడ మీగడ రంగుకు తిరుగుతుంది, ముదురు నీలమూ నలుపూ ఒకటైపోతాయి. అంతా మెల్లగా జరుగుతుంది కాబట్టి సున్నం పాతబడిందనుకుంటాం, బల్బు వెలుగు తగ్గిందనుకుంటాం. కంటి మీదికి అనుమానం చిట్టచివరికి గానీ పోదు.

నాకు కుడికంటికి ఆపరేషన్ అయింది, ఎడమకంటికి ఇంకా కావాలి. ఈ మధ్య రోజులు ఎంత అపురూపమైనవో చెప్పలేను. ఒక కన్ను మూసి ఇంకో కంటితో, మళ్లీ ఇటు మార్చి అటు, ఇల్లంతా చూసుకుంటూ తిరిగాను. ఆరేసిన పంచెకు పెట్టిన నీలిమందు ఛాయ కుడికంటికే తెలిసింది. బీరువాలోంచి నెమలికంఠం రంగు పట్టుచీర తీసి కిటికీ దగ్గర పరిచాను. ఎడమకంటికి అది వెలిసిన ఆకుపచ్చ చీర. కుడికంటితో చూస్తూ మడత తిప్పానో లేదో పడుగులోని నీలం, పేకలోని ఆకుపచ్చ దేనికది విడివిడిగా మెరిశాయి. ఎన్నో పెళ్లిళ్లకు కట్టిన చీరే. ఇంత నీలం అందులో ఉందన్న సంగతి నాకు ఎప్పటినుంచి తెలియకుండా పోయిందో ఆలోచిస్తే గుండె కలుక్కుమంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1923లో కుడికంటికి శుక్లం తీయించుకున్నాక లోకమంతా నీలంగా కనబడుతోందని బెంగపడ్డాడట. ఎడమకన్ను మాత్రం ముట్టనివ్వలేదు. నాకైతే ఆ నీలం ఎంత చూసినా తనివి తీరడం లేదు.

ఆపరేషన్ గురించి భయపడేవాళ్ల కోసం ఉన్నదున్నట్టు చెబుతాను. చుక్కలు వేసి కన్ను మొద్దుబార్చారు, మొహం మీద గుడ్డ కప్పారు, రెప్ప పడకుండా చిన్న క్లిప్పు పెట్టారు. “అమ్మా, లైటునే చూస్తూ ఉండండి, కదలొద్దు” అన్నారు డాక్టరుగారు. ఆ లైటు చెదిరిపోయి గులాబీ, పసుపు, నీలం ఒకదాని మీదికొకటి తేలాయి. మిషన్ చప్పుడు సన్నగా హెచ్చుతూ తగ్గుతూ వినిపించింది. చల్లటి నీళ్లు చెంప మీదుగా చెవి దాకా జారాయి. కాస్త ఒత్తినట్టు తెలిసిందే తప్ప నొప్పి లేదు. గాటు మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పాత కటకాన్ని అల్ట్రాసౌండుతో చిదిమి పీల్చేసి, దాని పల్చటి సంచిని మాత్రం ఉంచుతారు. మడిచిన కొత్త లెన్సును ఆ సంచిలోకి పంపితే అక్కడ తనంతట తనే విచ్చుకుంటుంది. కుట్లు లేవు. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాను.

మా అమ్మమ్మకు చేసినప్పుడు తలకు రెండు వైపులా ఇసుక మూటలు పెట్టి కదలనివ్వలేదు. దగ్గకూడదు, తుమ్మకూడదు. కటకం మొత్తం తీసేసి దాని చోట ఏమీ పెట్టేవారు కాదు. అందుకే ఆ తరం ముసలివాళ్లందరికీ సోడాబుడ్డి అద్దాలు. వాటిలోంచి ప్రతిదీ ఇంచుమించు నాలుగో వంతు పెద్దదిగా, దగ్గరగా కనిపించేది. మంచినీళ్ల గ్లాసు కోసం అమ్మమ్మ చాపిన చెయ్యి గ్లాసుకు ఇవతలే ఆగిపోయేది. గడప ముందు నిలబడి కాలితో తడుముకునేది. అద్దాలు తీస్తే మళ్లీ అంతా మసకే.

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ల కళ్లలో పెర్‌స్పెక్స్ అనే విమానపు ప్లాస్టిక్ ముక్కలు గుచ్చుకున్నాయి. కన్ను వాటిని భరించడం లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో అదే జాతి ప్లాస్టిక్‌తో లెన్సు చేయించి కంట్లో అమర్చాడు. తోటి వైద్యులే ఏళ్ల తరబడి ఆయన్ని వ్యతిరేకించారు. ఆ లెన్సు మన పేదవాళ్ల కంటిదాకా రావడానికి మధురై డాక్టర్ వెంకటస్వామిగారి పూనిక కావలసి వచ్చింది. 1976లో 11 పడకలతో ఆయన మొదలుపెట్టిన అరవింద్ ఆసుపత్రి తరఫున 1992లో ఆరోల్యాబ్ వచ్చి, చౌకగా లెన్సులు తయారుచేసింది. కీళ్లవాతంతో ఆయన వేళ్లు వంకర్లు తిరిగిపోయాయి. ఆ వేళ్లతోనే వేల కళ్లకు ఆపరేషన్లు చేశారు. ఆయన్ని తలుచుకుంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇన్ని ఉండి కూడా మా పక్కింటి పిన్నిగారు గోడ పట్టుకుని నడుస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. “ఇంకా ముదరలేదటమ్మా. చలికాలం రానీ. మనవరాలి పెళ్లి కానీ” అంటారు. శుక్లం ముదిరేదాకా ఆగే రోజులు పోయాయి. ముదిరితే గట్టిపడి తీయడం కష్టమవుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. చేయించుకోవడానికి ఎండాకాలమైనా ఒకటే, వానాకాలమైనా ఒకటే. నేను చూసిన ఇళ్లలో మగవాళ్ల చూపు మసకబారితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఆడవాళ్లనైతే, ఈ వయసులో ఇంకేం చూడాలీ అంటారు, వాళ్లూ అదే నమ్ముతారు. బియ్యంలో మట్టిబెడ్డ చూడాలి. వంకాయలో పురుగు చూడాలి. బీపీ బిళ్లకీ షుగరు బిళ్లకీ తేడా చూడాలి. రాత్రి పూట బాత్రూము గచ్చు మీద తడి చూడాలి, చూడకపోతే తుంటి ఎముక విరుగుతుంది.

నిన్న నా ఎడమకంటి కొలతలకు వెళ్తూ పిన్నిగారిని కూడా ఆటో ఎక్కించాను. రెండు కళ్లకూ కావాలన్నారు, ముందు ఒకటి చేస్తారట. షుగరు పరీక్షలు రాసిచ్చారు. పెళ్లి మాఘమాసంలో. ఆలోగా చుక్కల మందు పూర్తయి ఆవిడ తలంటు పోసుకోవచ్చనేలా డాక్టరుగారితో మాట్లాడి తేదీ వేయించాం. ఆ రోజుకు సెలవు పెట్టమని వాళ్లబ్బాయికి నేనే ఫోన్ చేశాను.