చిత్తుకాగితాలతో రామాయణం

ఉదయం చదివిన వార్తాపత్రిక సాయంత్రానికి చిత్తుకాగితమవుతుంది. సరుకుల పెట్టె మీద అంటించిన చీటీకి, ప్రకటనలో నవ్వే బొమ్మకు ఆ పాటి ఆయుర్దాయం కూడా ఉండదు. అటువంటి కాగితాలను 1930లలో కలకత్తా నగరంలో, జొరాసాంకోలోని ఠాగూర్ల ఇంట ఒక పెద్దమనిషి శ్రద్ధగా ఏరి దాచుకొనేవారు. కత్తెర, జిగురు చేతబట్టి, వాటిని కత్తిరించి అతికించి ఒక రామాయణాన్నే అలంకరించారు. ఆయన అవనీంద్రనాథ్ ఠాగూర్.

వేరే పని లేక కాలక్షేపం చేసిన సామాన్యుడు కాదాయన. 1905లో ‘భారతమాత’ చిత్రాన్ని రచించిన చిత్రకారుడు; కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు ఉపాధ్యక్షుడుగా పనిచేసినవాడు; నందలాల్ బోసుకు గురువు. ఆయన నెలకొల్పిన వంగ చిత్రకళా సంప్రదాయపు గాలి తెలుగుదేశానికీ సోకింది. వంగదేశం నుండి వచ్చిన ప్రమోదకుమార్ ఛటోపాధ్యాయ మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో చిత్రలేఖనం నేర్పగా, అడివి బాపిరాజు ఆయన శిష్యులయ్యారు.

అంతటి కుంచె పట్టిన చేయి, అరవై దాటిన వయస్సులో, కత్తెర పట్టింది. మన వీధినాటకం వంటిది వంగదేశపు జాత్రా. ఆ పద్ధతిలో రామకథను స్వహస్తంతో వ్రాసి, పుటపుటనా పత్రికల ముక్కలను, ప్రకటనల బొమ్మలను అతికించారు. అదే ‘ఖుద్దుర్ జాత్రా’. తలచుకొంటే ప్రతి బొమ్మనూ తానే గీయగలిగినవాడు, ఎవరో అచ్చువేసి పారేసినదాన్ని ఎందుకు ఏరుకొన్నాడు? గీయడంలో ఒక ఆనందముంటే, గుర్తుపట్టడంలో మరొక ఆనందమున్నది. పనికిరాని ముక్కలో పురాణపాత్రను చూడగలిగిన కన్ను ఆయనది. ఆ పుస్తకాన్ని ఆయన తన జీవితకాలంలో అచ్చువేయించలేదు. 1951లో ఆయన కన్నుమూసిన తరువాత దశాబ్దాలు గడచి, 2009లో గాని అది యథాతథరూపంలో వెలువడలేదు. మెప్పు కోసం చేసిన పని కాదనడానికి ఇంతకన్న నిదర్శనమేమి కావాలి?

కాగితంతోనే ఆయన ఆగలేదు. ఎండిన కొమ్మలు, వేళ్లు, వెదురు ముక్కలు తెచ్చి, పక్షులుగా, జంతువులుగా, మనుషులుగా నిలబెట్టేవారు. వాటికి ‘కుటుమ్ కాటామ్’ అని ముద్దుపేరు. కుటుమ్ అంటే బంధువు; మన ‘కుటుంబం’తో చుట్టరికమున్న మాటే. 1941 ప్రాంతంలో, తరతరాలుగా ఉన్న జొరాసాంకో ఇంటిని వదలి, ఆయన బరానగర్‌లోని తోటయింటికి తరలిపోవలసి వచ్చింది. పాత ఇల్లు అన్యాక్రాంతమై, తరువాత నేలమట్టమైంది. అదే సంవత్సరం ఆగస్టు 7న, సరిగ్గా ఆయన డెబ్బయ్యవ జన్మదినం నాడు, పినతండ్రి రవీంద్రనాథుడు కన్నుమూశారు. ఇల్లు పోయింది, ఆప్తులు పోయారు; ఎండుకొమ్మల బంధువులు మాత్రం కొత్త యింట కూడా ఒక్కొక్కరే వచ్చి చేరుతూ వచ్చారు.

అదే 1941లో ఫ్రాన్సులో చిత్రకారుడు హెన్రీ మతీస్ పెద్ద శస్త్రచికిత్స పొంది, నడవలేని స్థితిలో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమయ్యాడు. రంగు పూసిన కాగితాలను కత్తెరతో కత్తిరించడమే అతనికి చిత్రరచన అయింది. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరికీ ముదిమిలో ఊతమైనది పసిపిల్లల పనిముట్టే.

నేడు పిల్లల చేతిపనుల సామగ్రి అంగళ్లలో పెట్టెలుగా అమ్ముతున్నారు. ఫెల్ట్ గుడ్డ, రంగుకాగితం, ఎక్కడ కత్తిరించాలో తెలిపే గీతలు అన్నీ అందులోనే ఉంటాయి. బొమ్మ చక్కగానే వస్తుంది. కాని ఊహించే పని ముందే ఎవరో పూర్తిచేసి పెట్టారు. దానికి బదులు దర్జీ దగ్గర మిగిలిన పీలికలు, పాత శుభలేఖలు, ఉడికించిన మైదా జిగురు పిల్లల ముందుంచవచ్చు. ఏమి చేయాలో చెప్పనక్కరలేదు. ఆ ముక్కను అటూ ఇటూ త్రిప్పి, అది దేనిలా ఉందో వారినే చూడనివ్వాలి. వంకరగా వచ్చిన ఏనుగైనా సరే, అది వారు స్వయంగా కనుగొన్న ఏనుగు.