తపతి దాటిన ఉత్తరం

అడాజన్‌లోని ఒక జౌళి వర్తకుని కార్యాలయంలో ఇంటర్వ్యూ ముగించుకుని, సర్దార్ వంతెన మీదుగా తపతి దాటి, ఆ యువకుడు లింబాయత్‌లోని ఇల్లు చేరేసరికి చీకటి పడింది. గుమాస్తా ఉద్యోగం తప్పక లభిస్తుందనే అనిపించింది. కాని ఒక్క మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది. తండ్రిగారు ఏమి చేస్తారని అడిగినప్పుడు అతడు "వ్యాపారం" అన్నాడు.

తెలంగాణ నుండి సూరత్‌కు వలసవచ్చిన వేలాది పద్మశాలీల వలెనే ఆ తండ్రి మరమగ్గాల కార్మికుడు. పన్నెండు గంటల షిఫ్టు ముగించి వచ్చి, గోడవారగా నిద్రపోతున్నాడు.

ఇంటర్వ్యూ చేసినవారికి కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాయడం మన దేశంలో అంతగా వాడుకలో లేదు. కొందరికది బతిమాలుకోవడంగా కూడా తోస్తుంది. అయినా అతడు కాగితం తీశాడు. తనకోసం అరగంట వెచ్చించి, 2006 ఆగస్టు వరదనీరు ఆ గోడపై ఎంతవరకు నిలిచిందో కూడా చూపిన పెద్దమనిషికి ముందుగా ధన్యవాదాలు తెలిపాడు. ఆపైన రెండే వాక్యాలు: "మా తండ్రిగారు వ్యాపారి కారు. మరమగ్గంపై చీరల బట్ట నేస్తారు."

తెల్లవారి తండ్రి కాగితం చూసి, "ఏం రాసినవ్ బిడ్డా?" అని అడిగాడు. గుజరాతీలో ఉన్నదానిని అతడు తెలుగులో చదివి వినిపించాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత చొక్కా తొడుక్కుని, తపాలాపెట్టె దాకా తానూ వస్తానన్నాడు.