మేకుల కొట్లో పెంగ్విన్

'ఊరికే ఇస్తున్నాడంటే ఎక్కడో మెలిక ఉంటుంది రా!'

బావ ఆ మాట అన్నప్పుడు నేను కౌంటరు కింద మోకాళ్ళ మీద కూర్చుని కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చుతున్నాను. 2025 అక్టోబరు 26, ఆదివారం. దీపావళి వెళ్ళి వారం కూడా కాలేదు. కొట్టుకి సెలవు. సగం దించిన షట్టరు కింద నుంచి వెలుతురు వస్తోంది.

తెనాలిలో మా మావయ్యది హార్డ్‌వేర్ షాపు. హైదరాబాదులో ఈ మాట చెబితే అందరూ కంప్యూటర్ విడిభాగాలు అనుకుంటారు. కాదండీ, అసలు సిసలు హార్డ్‌వేర్! మేకులు, గొళ్ళేలు, బందులు, బైండింగ్ వైరు, రంగు డబ్బాలు, గమేళాలు. మావయ్య 2019లో పోయారు. అప్పట్నుంచీ బావే చూసుకుంటున్నాడు. అతనితోపాటు మావయ్య కాలం నాటి గుమస్తాగారు, కౌంటర్లో ఇద్దరు కుర్రాళ్ళు, నాలుగు కంప్యూటర్లు. గొడవంతా ఆ నాలుగింటి గురించే.

ఆ నెల 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. కావాలంటే మరో ఏడాది పొడిగించుకోవచ్చన్నారుగానీ, ఎన్నాళ్ళని? విండోస్ 11 వేద్దామంటే టీపీఎమ్ 2.0 అనే చిప్పు ఉండాలి, ప్రాసెసరు కొత్త తరంది కావాలి. మా వాళ్ళవి పాతవి. డీలరు నాలుగూ మార్చేయమని కొటేషన్ ఇచ్చాడు. బావ నాకు ఫోన్ చేశాడు. పేపర్లో పనిచేసేవాడికి అన్నీ తెలుస్తాయని మా బంధువుల్లో ఒక నమ్మకం!

'ఇప్పుడున్న విండోస్‌కి లైసెన్సు ఉందా బావా?' అని అడిగాను.

'కంప్యూటర్ కొంటే వస్తుంది కదరా అది?'

రాలేదు. అసెంబుల్ చేసినవాడు ఎక్కడిదో ఎక్కించి ఇచ్చాడు. ఒక్క మేకు లెక్క తేలకపోతే రాత్రి పది దాకా కూర్చునే మనిషి, పదేళ్ళుగా దొంగ సరుకు మీద లెక్కలు రాస్తున్నాడన్నమాట. ఆ సంగతి చెబితే బావ మొహం చూడాలి!

నాకు లైనక్స్ పరిచయమైంది జర్నలిజం డిప్లొమా చేసే రోజుల్లో. అప్పట్లో ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళకల్లా పోస్టులో సీడీలు పంపేవారు, పైసా తీసుకోకుండా. మా రూమ్మేటు తెప్పించి నా డొక్కు కంప్యూటర్లో వేశాడు. అది మరో నాలుగేళ్ళు నడిచింది. ఆ ధైర్యంతోనే పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ మింట్ పెట్టుకుని రైలెక్కాను.

అయితే బావకి లైసెన్సు కన్నా పెద్ద మంట వేరే ఉంది. అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

2003లో మావయ్య మొదటి కంప్యూటర్ కొన్నారు. వీధి చివర ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పే కుర్రాడు ఫాక్స్‌ప్రోలో బిల్లింగ్ ప్రోగ్రాము రాసిచ్చాడు. పన్నెండు వేలు తీసుకున్నాడు. మరుసటి ఏడాది పదో తరగతి సెలవుల్లో పాత ఆవర్జాలోని బాకీలన్నీ అందులోకి ఎక్కించింది నేనే. మావయ్య కుర్చీలో కూర్చుని చదువుతుంటే నేను టకటకా కొట్టేవాణ్ణి. సాయంత్రానికి ఒక గోళీసోడా, పది రూపాయలు.

2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చింది. ప్రోగ్రాము మార్చినందుకు ఆ కుర్రాడు ఇంకో నాలుగు వేలు తీసుకున్నాడు. 2008లో అమెరికా వెళ్ళిపోయాడు. తప్పుపట్టడానికేం లేదు, మంచివాడే. కానీ సోర్స్ కోడ్, అంటే ఆ ప్రోగ్రాము అసలు రాత, అతనితోపాటే విమానం ఎక్కేసింది. ఆ తర్వాత చిన్న మార్పు కావాలన్నా చేసే నాథుడు లేడు. ఆ మాటకొస్తే ఫాక్స్‌ప్రోకే దిక్కు లేకుండాపోయింది. దాని చివరి వెర్షనుకి కూడా 2015 జనవరితో మద్దతు అయిపోయింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేసరికి ఆ ప్రోగ్రాముకి దణ్ణం పెట్టి, ఏడాదికింతని కట్టే ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. కంపెనీ పేరెందుకు లెండి. 2023లో రెన్యువల్ డబ్బు కట్టడం తొమ్మిది రోజులు ఆలస్యమైంది. అటు ఆడిటరుగారు పాత బిల్లులు అడుగుతున్నారు, ఇటు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. కొత్త బిల్లు కొట్టనివ్వకపోతే సరే, పాత బిల్లులు కూడా చూపించదు!

'నా కొట్టు, నా సరుకు, నా లెక్క. చూసుకోడానికి వాడి పర్మిషన్ ఏంట్రా?' అన్నాడు బావ ఆ రోజు ఫోన్లో.

అందుకే ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో అతనికి చెప్పడం నాకు పెద్ద కష్టం కాలేదు. గోడకి వేలాడుతున్న తాళాల అట్ట చూపించాను. 'తాళం అమ్మితే చెవులన్నీ కొన్నవాడికే ఇచ్చేస్తావు కదా. ఒక్క చెవీ ఇవ్వను, ఏడాదికోసారి డబ్బు కడితే నేనే వచ్చి తలుపు తీస్తానంటే ఎవడైనా కొంటాడా? మనం సాఫ్ట్‌వేర్‌ని అలాగే కొంటున్నాం. దీనికైతే చెవులతోపాటు తాళం లోపలి నక్షా కూడా ఇస్తారు. విప్పి చూసుకో, మార్చుకో, ఇంకోటి చేసి పక్కవాడికివ్వు. అడిగేవాడు లేడు.'

ఫైళ్ళ సంగతికి నట్లూ బోల్టులే ఉదాహరణ. అరంగుళం బోల్టుకి అదే మరలున్న అరంగుళం నట్టు ఏ కంపెనీదైనా పడుతుంది, ఎందుకంటే ఆ మర కొలత ఏ ఒక్కరి సొత్తూ కాదు. లిబ్రే ఆఫీస్ దాచే ఓడీఎఫ్ ఫైళ్ళూ అంతే. 2006లోనే అది ఐఎస్ఓ ప్రమాణమైంది. రేపు లిబ్రే ఆఫీస్ మూతపడినా ఆ ఫైలు తెరిచే సాధనం ఇంకొకరు తయారుచేసుకోవచ్చు.

'ఊరికే' అన్న మాట దగ్గరే బావకి అనుమానం. ఇంగ్లిషులో ఫ్రీ అంటే ఉచితమూ అవుతుంది, స్వేచ్ఛా అవుతుంది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన నాటినుంచీ ఆయనకి ఈ రెండర్థాల తేడా విడమరచడంతోనే సరిపోయింది. మనకా బాధ లేదు, రెండు మాటలున్నాయి. తెలుగులో కనిపించే లైనక్స్‌ని తయారుచేసిన హైదరాబాదు సంస్థ ఏకంగా 'స్వేచ్ఛ' అనే పేరే పెట్టుకుంది. బావ మాత్రం ఆ పేరు విని, 'బానే ఉంది గానీ, ప్రింటరు పనిచేస్తుందా?' అన్నాడు.

చేయలేదు.

చీకటి పడేలోగా మూడు కంప్యూటర్లలో లైనక్స్ వేశాను. నాలుగోది కదపలేదు. ఆడిటరుగారికి పంపే లెక్కలు, డిజిటల్ సంతకం పెట్టే టోకెన్ అన్నీ విండోస్‌లో కుదురుకుని ఉన్నాయి. దాని బదులు అసలైన లైసెన్సుతో ఒక కొత్త మిషను కొనమన్నాను. కౌంటరు బిల్లులకి లిబ్రే ఆఫీస్‌లోనే ఒక షీటు తయారుచేశాను. అన్నీ చూసుకున్నాను, ఒక్క బిల్లుల థర్మల్ ప్రింటరు తప్ప. ఏముంది, వైరు పెడితే అదే వస్తుందనుకున్నాను.

తెల్లారితే సోమవారం. మొంథా తుపాను ముంచుకొస్తోందని టీవీల్లో ఒకటే హెచ్చరికలు. ఎనిమిదికి షట్టరు ఎత్తేసరికే టార్పాలిన్ పట్టల కోసం, తాళ్ళ కోసం, రేకులకి కొట్టే మేకుల కోసం వీధి మీద దాకా జనం. మావాడు మొదటి బిల్లు కొట్టాడు. ప్రింటరు బారెడు తెల్లకాగితం కక్కింది. రెండోసారి ఏదో అక్షరాల కలగాపులగం. మూడోసారి అదీ లేదు. నేను కౌంటరు కింద దూరి ఫోన్లో వెతుకుతున్నాను, పైన జనం అరుస్తున్నారు. చివరికి గుమస్తాగారు కార్బన్ పేపరు పెట్టి చేత్తో బిల్లులు రాయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం మూడు దాకా ఆయన తల ఎత్తలేదు. డెబ్భై దాటిన మనిషి.

ఎంత సరుకు బిల్లు లేకుండా వెళ్ళిపోయిందో ఇప్పటికీ తేలలేదు. బావ అందరి ముందూ ఏమీ అనలేదు. సాయంత్రం జనం పల్చబడ్డాక మాత్రం, 'నీ పెంగ్విన్‌ని బుట్టలో పెట్టుకుని పట్టుకుపో' అన్నాడు. లైనక్స్ గుర్తు పెంగ్విన్ లెండి. నా మొహంలో నెత్తురుచుక్క లేదు. ఊరికే వస్తుందని నేనే చెప్పాను. ఊరికే వచ్చేది సాఫ్ట్‌వేరు, దాన్ని కుదిర్చిపెట్టే మనిషి కాదు. ఆ మనిషికి డబ్బివ్వాలి. ప్రపంచంలో లైనక్స్ మీద బతికే కంపెనీలు అమ్ముకునేది ఆ కుదిర్చిపెట్టడమే. ఆ పనితోనే పెద్దదైన రెడ్‌హ్యాట్‌ని 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లు పోసి కొనుక్కుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ రెండు వేలు మిగులుద్దామని నేనే మెకానిక్కునయ్యాను.

మంగళవారం గాలీ వానా. రాత్రి తుపాను తీరం దాటింది. కరెంటు పోయింది. కరెంటు లేనప్పుడు విండోస్ అయినా లైనక్స్ అయినా ఒకటే కదా, ఆ ఒక్క రోజూ నన్నెవరూ ఏమీ అనలేదు. కొవ్వొత్తి వెలుగులో భోజనాలు చేస్తూ బావే మళ్ళీ ఎత్తాడు.

'అదికాదురా, జీతం లేకుండా ఎందుకు రాస్తార్రా వాళ్ళు?'

చాలామందికి జీతాలున్నాయని చెప్పాను. లైనక్స్ కెర్నల్ రాసేవాళ్ళలో ఎక్కువమంది ఇంటెల్, గూగుల్, రెడ్‌హ్యాట్ లాంటి కంపెనీల ఉద్యోగులే. వాళ్ళ వ్యాపారమే దానిమీద నడుస్తోంది మరి. కానీ జీతం లేనివాళ్ళూ ఉన్నారు, అదే భయపెట్టే సంగతి. 2014లో 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం బయటపడింది. బ్యాంకుల దగ్గర్నుంచి ఈమెయిళ్ళ దాకా నెట్‌లో రహస్యాలను కాపాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో వచ్చిన కన్నం అది. తీరా చూస్తే ఆ ప్రాజెక్టుకి విరాళాలుగా వచ్చేది ఏడాదికి రెండు వేల డాలర్లట! 2024లో ఇంకో ఘోరం తప్పిపోయింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనాన్ని ఏళ్ళ తరబడి దాదాపు ఒక్కడే చూసుకుంటున్నాడు. అలసిపోయాడు. సాయం చేస్తానంటూ వచ్చిన ఒక ముసుగుమనిషి రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, అందులో దొంగదారి పెట్టేశాడు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టుకున్నాడు. సోర్స్ అందరికీ కనిపించేది కాబట్టే అంత త్వరగా తవ్వగలిగాడు.

బావ కాసేపు మాట్లాడలేదు. 'అంటే అందరూ వాడుకుంటారు, ఎవడూ చెయ్యి విదిల్చడు' అన్నాడు. నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. పదిహేనేళ్ళుగా వాడుతున్నాను, నేనూ ఒక్క రూపాయి పంపలేదు.

ఆ మరుసటి వారం గుంటూరు నుంచి లైనక్స్ తెలిసిన కుర్రాడొకణ్ణి పిలిపించాం. రెండు వేల ఐదొందలు తీసుకున్నాడు. ప్రింటరుకి కావలసిన డ్రైవరు వేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నా షీటు చూసి నవ్వి, ఈఆర్‌పీనెక్స్ట్ పెట్టుకోమన్నాడు. బిల్లులు, స్టాకు, బాకీలు, జీఎస్టీ అన్నీ అందులోనే ఉంటాయి, ఓపెన్ సోర్సే. అది ముంబైలో రుషభ్ మెహతా మొదలుపెట్టింది. వాళ్ళది ఫర్నిచర్ వ్యాపారం, దానికి సరైన సాఫ్ట్‌వేర్ కుదరక పడ్డ తిప్పల్లోంచి అది పుట్టింది. బావకి నా ఉపన్యాసాలన్నిటికన్నా ఈ ముక్క నచ్చింది. 'బల్లలమ్మేవాడు రాశాడంటే సరేలే, వాడికి అరువు కష్టం తెలిసుంటుంది' అన్నాడు. సర్వరు అద్దె, కుర్రాడి నెల ఫీజు కలిపితే పాత సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువే అవుతోంది. ఆ సంగతి దాచను.

కుర్రాడు సామాను సర్దుకుంటుంటే గుమస్తాగారు ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చారు. 'బాబూ, ఇది పనికొస్తుందేమో చూస్తారా?' లోపల పాత గుడ్డలో చుట్టిన హార్డ్ డిస్కు. మావయ్య కంప్యూటర్‌ది. మదర్‌బోర్డు కాలిపోయి దాన్ని పాత సామానుకి వేస్తుంటే ఆయన ఇదొక్కటీ విప్పించి దాచారట.

కుర్రాడి సంచిలో ఆ కాలపు డిస్కుల్ని తగిలించే కేబులుంది. ఒక నిమిషం గరగరమని తిరిగి ఫోల్డర్లు కనిపించాయి. ఫాక్స్‌ప్రో లెక్కలు డీబీఎఫ్ అనే ఫైళ్ళలో ఉంటాయి. వాటి అమరిక ఎలా ఉంటుందో బయటివాళ్ళందరికీ తెలుసు. అందుకే లిబ్రే ఆఫీస్ కూడా వాటిని తెరవగలదు. ప్రోగ్రాము అమెరికా పోయినా ఫైలు తెరుచుకుంది.

పార్టీల పట్టిక. పేరు, ఊరు, బాకీ, తేదీ. చివర్న రిమార్క్స్ అని ఒక గడి. కొందరి పేర్లకి ఎదురుగా అందులో ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు మాటలున్నాయి. 'కూతురి పెళ్ళి తర్వాత.' 'సగం చాలు.' ఒక తాపీమేస్త్రి పేరు పక్కన 6,340 రూపాయలు, దానికెదురుగా 'అడగవద్దు'.

మావయ్యకి టైపింగ్ రాదు. ఆ గడులు నింపింది నేనే అయ్యుండాలి, ఆయన చెబుతుంటే. నాకు ఒక్కటీ గుర్తు లేదు.

గుమస్తాగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, 'మొన్న పట్టలు పట్టుకెళ్ళాడే, ఆ మేస్త్రి కొడుకే' అన్నారు.

బావ స్క్రీను వైపే చూస్తున్నాడు. చాలాసేపటికి అడిగాడు.

'ఇవన్నీ కొత్తదాన్లోకి ఎక్కించొచ్చా?'

'ఎక్కించొచ్చండి' అన్నాడు కుర్రాడు.

'ఆ చివరి గడి కూడానా?'

'అదీ వస్తుందండి.'

'అయితే ముందు అది ఎక్కించు' అన్నాడు బావ.