ఠండా ఇంజన్ అబద్ధం చెప్పదు!

ఆబిడ్స్ పుస్తకాల ఫుట్‌పాత్ నుంచి నాంపల్లి మెకానిక్ సందు దాకా... చలికాలంలో ఓ తండ్రీ కూతురూ పాత స్పోర్ట్స్ సెడాన్ కోసం తిరిగిన తిరుగుడు ఇది.

ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో చాలా షట్టర్లు లేవవు. బట్టల కొట్లు, చెప్పుల కొట్లు నిద్రలోనే ఉంటాయి. మెలకువగా ఉండేది ఫుట్‌పాతే! మూసిన షట్టర్ల ముందు పట్టాలు పరుచుకుని, పాత పుస్తకాలు గుట్టలుగా పోసుకుని కూర్చుంటారు అమ్మేవాళ్లు. ఎంసెట్ గైడ్లు, ఇంగ్లిషు నవలలు, వంటల పుస్తకాలు, ఎవరో ఎవరికో ‘ప్రేమతో’ అని రాసిచ్చిన కవితా సంపుటాలు... 2024 డిసెంబరులో ఓ ఆదివారం ఆ గుట్టల ముందు ఓ తండ్రీ కూతురూ గొంతుక్కూర్చుని వెతుకుతున్నారు. వాళ్లకి కావాల్సింది నవలలు కాదు, పాత కార్ల పత్రికలు.

ఎందుకంటే వాళ్లు కొనబోయేదీ పాత కారే. అది కొత్తగా వచ్చిన రోజుల్లో దాని గురించి ఏం రాశారో తెలిస్తే, ఇప్పుడు అమ్మేవాడు చెప్పే మాటల్లో నిజమెంతో తేలిపోతుందన్నది కూతురి లెక్క. తండ్రి లెక్క వేరు. ‘ఇంతదానికి పుస్తకాలెందుకు బిడ్డా? ఓ డిజైర్ తీసుకుంటే అయిపాయె’ అంటారాయన.

అయిపోదు మరి. ఆమెకి చిన్నప్పటి నుంచీ స్పోర్ట్స్ సెడాన్ అంటే పిచ్చి. చూడ్డానికి మామూలు నాలుగు తలుపుల కారే. వెనక డిక్కీ ఉంటుంది, ఇంటిల్లిపాదీ పడతారు. కానీ యాక్సిలరేటర్ నొక్కితే తెలుస్తుంది సంగతి! 2004లో స్కోడా మనదేశంలోకి తెచ్చిన ఆక్టావియా ఆర్ఎస్ అలాంటిదే. 1.8 లీటర్ల టర్బో ఇంజన్, 150 హార్స్‌పవర్. ఆమె స్కూల్లో ఉన్నప్పుడు వాళ్ల వీధిలో ఒకరికి ఉండేదట. ఆ కారు వెళ్తుంటే లెక్కలు వదిలేసి కిటికీ దగ్గరికి పరిగెత్తేదట.

పిచ్చి సంగతి అలా ఉంచితే, అవసరం కూడా ఉంది. వాళ్ల ఇల్లు రెడ్‌హిల్స్‌లో. ఆమె ఉద్యోగం గచ్చిబౌలిలో, భర్త కోదాడలో లెక్చరర్. నాలుగేళ్ల కొడుకు అమ్మమ్మ దగ్గరే ఉంటాడు. ప్రతి శనివారం చీకటితోనే పిల్లాణ్ని వెనక సీట్లో పడుకోబెట్టి విజయవాడ హైవే ఎక్కాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ రోడ్డు మీద తెల్లవారుజామున పొగమంచు కమ్మితే ముందు వెళ్లే లారీ కూడా కనిపించదు. ఇక డబ్బంటారా... ఆమె దాచుకున్నది కొంత, తండ్రి రిటైరైనప్పుడు బ్యాంకులో వేసుకున్న డిపాజిట్ కొంత. అది పోతే మళ్లీ రాదు.

మంచు కురవని ఊళ్లో...

‘చలికాలానికి కారు’ అంటే ముందు ఫోన్ చేసింది అన్నయ్యకే. ఆయన అమెరికాలో, మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ చలికాలం అంటే మాటలా! రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది. అందుకే పాత కారు కొనేవాళ్లు ముందు కింద దూరి తుప్పు చూస్తారు. నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే కార్లకి అక్కడ మంచి గిరాకీ. ‘అట్లని అది ఉంటే చాలనుకోకు. నాలుగు చక్రాలూ లాగితే బండి కదుల్తది, ఆగదు. ఆపేది టైర్లే’ అన్నాడు అన్నయ్య. ఏడు డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది. అందుకే అక్కడ చలికాలానికి వేరే టైర్లు వేసుకుంటారు.

హైదరాబాద్‌లో ఆ బాధ లేదు. ఇక్కడ 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకి పడిపోవడమే ఇప్పటికీ రికార్డు. మంచు టైర్లు, ఫోర్ వీల్ డ్రైవ్ మనకి దండగ ఖర్చే. ముందు చక్రాలు లాగే కారు చాలు. కావాల్సింది మంచి లైట్లు, మంచి బ్రేకులు, వయసు మీరని టైర్లు, అద్దం మీది ఆవిరిని చిటికెలో పోగొట్టే ఏసీ. ఇంత చిన్న జాబితాకి ఏదైనా సరిపోతుందనుకుంటాం. కానీ మన ఊళ్లో చలికాలంలో కారు కొనేవాళ్లని ముంచేది చలి కాదు, అంతకు ముందు వెళ్లిన వానాకాలం!

ఆ సంగతి వాళ్లకి నాంపల్లిలో తెలిసింది.

ఆబిడ్స్ నుంచి నాంపల్లి ఎంత దూరం? నడిస్తే ఇరవై నిమిషాలు. కానీ రెండూ రెండు లోకాలు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియన్ దుకాణం పెట్టిన చోటు కాబట్టి అది ఆబిడ్స్ అయింది. అక్కడ అన్నీ అద్దాల వెనక మెరుస్తుంటాయి. నాంపల్లిది వేరే తీరు. 1907లో కట్టిన రైల్వేస్టేషన్, యూసుఫైన్ దర్గా, లాడ్జీలు, ఇరానీ చాయ్, నెత్తి మీద మెట్రో రైలు... ఇక్కడ వస్తువు మెరుపు కంటే మన్నిక గురించే మాట్లాడతారు. గోల్కొండ కాలంనాటి నేక్‌నామ్ ఖాన్ పేరు మీదే నాంపల్లి వచ్చిందని చెబుతారు. నేక్‌నామ్ అంటే మంచి పేరు. పాత కారు కొనడానికి బయల్దేరినవాళ్లు వెతుకుతున్నదీ అదే కదా!

స్టేషన్‌కి దగ్గర్లో ఓ సందు. అందులో రేకుల షెడ్డు. అరవై దాటిన ఉస్తాద్, ఇద్దరు కుర్రాళ్లు. తండ్రి స్కూటర్ నడిపే రోజుల నుంచీ పరిచయం. కంప్యూటర్ స్కానర్ కూడా ఉందక్కడ, కాకపోతే ఉస్తాద్ దాన్ని ఆఖరున తీస్తాడు. ముందు ముక్కు, తర్వాత చెవి, తర్వాతే మిషను!

తళతళలాడిన తెల్ల కారు

మొదట చూసింది ఓ తెల్లటి టర్బో పెట్రోల్ సెడాన్. ఆరేళ్ల బండి, తిరిగింది తక్కువ, తళతళలాడుతోంది. మిగతా చోట్ల చెబుతున్న ధర కంటే లక్ష పైనే తక్కువ. తండ్రి ముఖం వెలిగిపోయింది. బ్రోకర్‌ని ఒప్పించి షెడ్డుకి తెప్పించారు.

ఉస్తాద్ బానెట్ జోలికే పోలేదు. తలుపు తీసి గాలి పీల్చాడు. లోపల గుప్పుమని సెంటు వాసన. ‘ఇంత అత్తరు ఎందుకు కొట్టిన్రు?’ అన్నాడు. డ్రైవర్ సీటు బెల్టుని పట్టుకుని లాగాడు. మామూలుగా మనం లాగేంత కాదు, ఆఖరు అంగుళం దాకా. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు మీద గోధుమరంగు చార! డిక్కీలో స్టెప్నీ తీసి గుంటలో వేలు పెట్టి రాశాడు. మెత్తటి ఒండ్రు. సీట్ల కింది బోల్టులకి తుప్పు. ఇక స్కానర్ అక్కర్లేదన్నాడు.

నంబరు చూస్తే ఏపీ 16. కృష్ణా జిల్లా బండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ లాంటి కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఎన్ని కార్లు మునిగాయో! ‘ఆ నంబరున్న బండ్లన్నీ మునిగినయని కాదు సాబ్. హైదరాబాద్ నంబరుతోని మునిగినయి తక్కువున్నయా?’ అన్నాడు ఉస్తాద్. నిజమే, 2020 అక్టోబరులో ఈ నగరంలోనూ కార్లు పడవల్లా కొట్టుకుపోవడం అందరూ చూశారు. అలా మునిగిన బండ్లన్నీ తుక్కుకే పోవు. కొన్నిటిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్లీ అమ్మకానికి పెడతారు. వాననీళ్లు ఇంజన్‌ని ఒక్కరోజులో చంపకపోవచ్చు. వైర్ల జాయింట్లలో కూర్చుని నెమ్మదిగా పచ్చగా చిలుము పట్టిస్తాయి. ఏదో ఓ రోజు తెల్లవారుజామున హైవే మీద లైట్లు ఆరిపోతాయి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన క్షణంలో తెరుచుకోకపోవచ్చు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కాసేపటికి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ బల్బుని ఎవరో పీకేశారని అనుమానించాలి. ఈ బండిలో అది వెలగలేదు.

వెనక సీట్లో పడుకునే మనవడు గుర్తొచ్చాడేమో, తండ్రి మాట్లాడకుండా చాయ్ తాగేసి లేచారు. బ్రోకర్ మాత్రం చాలాసేపు మాట్లాడుతూనే ఉన్నాడు.

రెండోది సాక్షాత్తూ ఆక్టావియా ఆర్ఎస్. 2005 మోడల్. కూతురు దాన్ని చూసిన తీరు చూసి ఉస్తాద్‌కే జాలేసింది. బండిలో మోసం లేదు. యజమాని ప్రాణంగా చూసుకున్నాడు. కానీ పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, అదీ ఐదేళ్లకోసారి. టర్బో, టైమింగ్ బెల్టు, రబ్బరు పైపులు... ఒక్కొక్క భాగం కోసం ఊళ్లు తిరగాలి. ‘ఇంట్లో ఇంకో బండి ఉంటే కళ్లు మూసుకుని తీసుకో బేటీ. ఇదొక్కటే బండి అంటే మాత్రం వద్దు’ అన్నాడు. పాత కారులో నమ్మకం అంటే చెడిపోకపోవడం ఒక్కటే కాదు, చెడితే సోమవారానికల్లా బాగుపడటం కూడా. మనదేశం నుంచి కంపెనీయే వెళ్లిపోయిన కార్ల విషయంలోనూ ఇదే చిక్కు. ఫియట్ లీనియా టీజెట్ నడిపినవాళ్లు ఇప్పటికీ దాన్ని పొగుడుతారు, స్పేర్‌పార్టుల మాటెత్తితే నిట్టూరుస్తారు.

ఆ రోజు ఇంటికెళ్తూ తండ్రి ఆమెని మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్లి ఐస్‌క్రీమ్ ఇప్పించారు. డిసెంబరు చలిలో, రాతి కమానుల కింద! ముప్పై దాటిన కూతురికి అది ఓదార్పో, క్షమాపణో ఆయనే చెప్పాలి.

ఆరు గంటలకి రండి!

మూడోది ఆబిడ్స్‌లోనే దొరికింది. చిరాగ్ అలీ లేన్ వైపు ఓ అపార్ట్‌మెంట్. 2020 రాపిడ్, ఒక లీటరు టర్బో పెట్రోల్, 110 హార్స్‌పవర్, చేత్తో గేర్లు మార్చేది. ఆర్ఎస్ ముందు ఇది చిన్నపిల్లే. కానీ బరువు తక్కువ కాబట్టి చురుగ్గా పోతుంది. ఆటోమేటిక్ అయితే బావుండునని ఆమె అనుకుంది. డ్రై క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులు సిటీ ట్రాఫిక్‌లో వేడెక్కి, వారంటీ అయ్యాక పాడైతే పెద్ద ఖర్చని ఉస్తాద్ అడ్డుపడ్డాడు.

‘రేపు పొద్దున ఆరింటికి వస్తం. రాత్రి నుంచి బండి స్టార్ట్ చేయొద్దు’... ఇదొక్కటే షరతు పెట్టాడాయన. ఎందుకంటే గరం ఇంజన్ అబద్ధం చెబుతుంది, ఠండా ఇంజన్ చెప్పదు. వేడెక్కిన ఆయిలు అరిగిన భాగాల చప్పుడుని కప్పేస్తుంది, బ్యాటరీ బలహీనతా బయటపడదు. రాత్రంతా చలిలో నిలబడ్డ బండి తొలి పది సెకన్లలో తన జాతకమంతా చెప్పేస్తుంది. పాత కారు కొనేవాళ్లకి చలికాలం చేసే మేలు ఇదే.

ఆరింటికి సెల్లార్‌లో చీకటి. కూతురు ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. ఉస్తాద్ ఆయిల్ మూత తీసి అడుగు చూశాడు, మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే నీళ్లు కలిసినట్టే. లేదు. తాళం తిప్పగానే ఒక్క తిప్పుకే అందుకుంది. కాసేపు గట్టిగా తిరిగి తనంతట తానే నెమ్మదించింది. సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి వచ్చి మాయమైంది, చలిలో అది మామూలే. నీలం పొగ వస్తే ఆయిలు మండుతున్నట్టు, తెల్లపొగ తగ్గకుండా తీపి వాసనతో వస్తే కూలెంట్ పోతున్నట్టు. సీటు బెల్టులు ఆఖరుదాకా లాగారు, శుభ్రం. ఛాసిస్ నంబరు మీద సర్వీసు రికార్డు తీయిస్తే మీటరు లెక్క సరిపోయింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఒకటే, బంపర్‌ది. లోను తీరిపోయింది. రెండు చలాన్లు మాత్రం బాకీ ఉన్నాయి, యజమాని నాలిక కరుచుకుని అక్కడికక్కడే కట్టేశాడు.

దొరికిన లోపమల్లా టైర్లు. గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. కానీ పక్కన అచ్చేసిన నాలుగంకెలు ‘2320’. అంటే 2020లో 23వ వారంలో తయారైనవి. నాలుగున్నరేళ్ల రబ్బరు, అదీ ఎండలో నిలబడ్డది. తడి రోడ్డు మీద దాన్ని నమ్మలేం. నాలుగు టైర్ల ఖరీదు తగ్గించమని తండ్రి పట్టుబట్టారు. బేరం దగ్గరికొచ్చేసరికి ఆయన ముందు ఉస్తాద్ కూడా దిగదుడుపే!

ఆ సాయంత్రం ట్రయల్. ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ కోసం స్టాళ్లు లేస్తున్నాయి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఈ మైదానానికి మారిన సంబరమది. గాంధీభవన్ ముందు ట్రాఫిక్ ఎటూ కదలడం లేదు. అందరూ విసుక్కుంటుంటే ఉస్తాద్‌కి మాత్రం అదే కావాలి. క్లచ్ ఎంత అరిగిందో తెలియాలంటే నాంపల్లి రోడ్డు మీద అరగంట నత్తనడక నడిపిస్తే చాలట! తర్వాత ఓ గోడ ముందు ఆపి లైట్లు వేయించాడు. రెండు వెలుగులూ ఒకే ఎత్తులో పడ్డాయి. అద్దాలన్నీ మూయించి, లోపల ఆవిరి పట్టాక ఏసీ వేయించి, ఎన్ని సెకన్లకి పోతుందో లెక్కపెట్టాడు. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. తండ్రి డిపాజిట్ రద్దు చేసుకున్నారు.

సంక్రాంతికి ముందు శనివారం, చీకటితోనే బయల్దేరారు. కొత్త టైర్లు, చలికి గాలి తగ్గుతుందని ముందురోజే కొట్టించారు. చౌటుప్పల్ దాటాక తెల్లటి గోడలా మంచు అడ్డొచ్చింది. హైబీమ్ వేస్తే వెలుగంతా మంచుకి కొట్టుకుని తిరిగి కళ్లలోనే పడుతుంది, అందుకని లోబీమ్, ఫాగ్ ల్యాంపులే. చిట్యాలలో ఓ టీ కొట్టు ముందు ఆపి, తెరిపి ఇచ్చేదాకా కూర్చున్నారు. పిల్లాడు వెనక సీట్లో నిద్ర.

‘ఎంత స్పీడుల వచ్చినం బిడ్డా?’ గ్లాసుని రెండు చేతుల మధ్య పట్టుకుని అడిగారు తండ్రి.

‘నలభై, డాడీ.’