కెసెల్స్ రోడ్డు మీద న్యాయశాస్త్రం

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరానికి దక్షిణాన కెసెల్స్ రోడ్డు అని ఒక రోడ్డు వుంది. దాన్ని చూడాలని ఎవరూ అంత దూరం వెళ్ళరు. బ్రిస్బేన్ వెళ్ళిన మనవాళ్ళు నది ఒడ్డున ఫొటోలు తీయించుకుంటారు, కోలాలను చూస్తారు, ఓ గంటసేపు కారులో పోయి గోల్డ్‌కోస్టు సముద్రంలో కాళ్ళు తడుపుకుని వస్తారు. కెసెల్స్ రోడ్డు మీద తెల్లవారింది మొదలు లారీలు పోతూనే వుంటాయి. కంటికి ఇంపైనదంటూ ఏమీ లేదు. నేను మాత్రం మూడు వారాలు ఆ రోడ్డునే పట్టుకుని తిరిగాను. దానికో కారణం వుంది.

మా అన్నయ్య కూతురు ఆ రోడ్డు మీద వున్న గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో చదువుతోంది. న్యాయశాస్త్రమూ, దానితో జోడించి క్రిమినాలజీ–క్రిమినల్ జస్టిస్ అనే శాస్త్రమూ. రెండూ కలిపి జంట డిగ్రీ. విడివిడిగా అయితే అది నాలుగేళ్ళు, ఇది మూడేళ్ళు. కలిపి చదివితే సుమారు అయిదేళ్ళలో తేలుతుంది. తెనాలి దగ్గర ఎకరంన్నర మాగాణి అమ్మి మా అన్నయ్య పిల్లను పంపించాడు. పంపేటప్పుడు "లా" అన్న మాట ఒక్కటే ఆయన చెవికెక్కింది. రెండో సగం సంగతి తరువాత తెలిసింది. "నేరాల చదువేమిట్రా? పోలీసు ఉద్యోగానికైతే ఇంత డబ్బు పోయాలా? నువ్వు కోర్టుల్లో ముప్పయ్యేళ్ళు తిరిగినవాడివి. వెళ్ళి చూసిరా. వట్టిదంటే ఆ సగం మానిపించేద్దాం" అన్నాడు. అమ్మాయికి ఈ ఆలోచన తెలుసు. విమానాశ్రయంలో నన్ను చూడగానే "బాబాయ్, తనిఖీకి వచ్చారా?" అంది నవ్వుతూనే. ఆ నవ్వులో కొంచెం బెరుకు కూడా వుంది.

విశ్వవిద్యాలయం అడవిలో వుంది. మాట వరసకు అనడం కాదు, నిజంగానే అడవి. టూహీ అడవి అంటారు. యూకలిప్టస్ చెట్ల మధ్య, గుట్ట వెన్నుమీద, చెట్లను వీలైనంత మటుకు కొట్టకుండా భవనాలు కట్టారు. 1975లో ఇక్కడ చదువు మొదలైంది. ఎండాకాలం ఆకుల వాసన ముక్కుకు ఘాటుగా తగులుతుంది. తరగతికీ తరగతికీ మధ్య పిల్లలు నడిచే దారిలో బల్లులు అడ్డంగా పడుకుని వుంటాయి. మనమే తప్పుకుని పోవాలి. క్రిమినాలజీ శాఖ చాలాకాలం పక్కనున్న మౌంట్ గ్రావట్ ఆవరణలో వుండేదట. అంటే ఈ జంట డిగ్రీ పిల్లలు పొద్దున చట్టం ఒకచోట, మధ్యాహ్నం నేరం ఇంకోచోట చదువుకునేవారన్నమాట.

ఈ విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో విన్నాక ప్లీడరు ప్రాణం కదా, లేచివచ్చింది. శామ్యూల్ గ్రిఫిత్ 1845లో వేల్సులో పుట్టి, చిన్నతనంలో క్వీన్స్‌లాండ్ చేరి, రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయి, ప్రధాన న్యాయమూర్తి అయి, 1903లో ఆస్ట్రేలియా హైకోర్టుకు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. క్వీన్స్‌లాండ్ క్రిమినల్ కోడ్ ఆయన రాసిందే. 1899లో చట్టమై, 1901 జనవరి 1 నుంచి అమలుకు వచ్చింది. మనకు మెకాలే ఎలాగో వాళ్ళకు గ్రిఫిత్ అలాగ. కాకపోతే మెకాలే గారి శిక్షాస్మృతిని మనం 2024 జూలై 1న సెలవిచ్చి పంపి, భారతీయ న్యాయ సంహితను తెచ్చుకున్నాం. గ్రిఫిత్ గారి కోడు, ఎన్నెన్నో సవరణలతో, ఇంకా నడుస్తూనే వుంది. దాని నమూనా నైజీరియాకూ, పాపువాకూ కూడా వెళ్ళింది. ఆ కోడు రాసేటప్పుడు ఆయన ఇటలీవారి శిక్షాస్మృతిని ఎదురుగా పెట్టుకున్నాడు. ఇటాలియను వచ్చినవాడు, తీరిక దొరికితే డాంటే కావ్యాన్ని ఇంగ్లీషు చేసేవాడు. నరకాన్ని అనువదించిన మనిషి శిక్షాస్మృతి రాశాడంటే నాకు భలే ముచ్చటేసింది.

సరే, చట్టం పుస్తకంలో బాగానే వుంది. దాన్ని నడిపే మనుషుల మాటేమిటి? ఈ రెండో డిగ్రీ ఇక్కడ ఎందుకు వేళ్ళూనిందో తెలియాలంటే 1987కు వెళ్ళాలి. ఆ సంవత్సరం మే 11న ఆస్ట్రేలియా ప్రభుత్వ టెలివిజన్ వారు క్వీన్స్‌లాండ్ పోలీసుల లంచాల మీద ఒక కార్యక్రమం చూపించారు. జూదశాలలూ, వేశ్యాగృహాలూ నడుస్తున్నాయి. పోలీసులకు మామూళ్ళు ముడుతున్నాయి. ముఖ్యమంత్రి ఊళ్ళో లేడు. ఆయన స్థానంలో వున్న బిల్ గన్ విచారణకు ఉత్తర్వు చేశాడు. ఏదో కొద్ది వారాల్లో ముగిసిపోతుందనుకున్నది టోనీ ఫిట్జ్‌జెరాల్డ్ చేతిలో రెండేళ్ళు సాగింది. 1989 జూలైలో నివేదిక వచ్చింది. ఆ ఏడాది చివర ఎన్నికల్లో 32 ఏళ్ళుగా గద్దెమీద వున్న పక్షం దిగిపోయింది. పోలీసు కమిషనరుకే 1991లో పద్నాలుగేళ్ళ శిక్ష పడింది. దొంగను పట్టేవాడే దొంగలతో వాటాదారయితే, సెక్షన్లు కంఠతా వచ్చిన ప్లీడరు ఏం చేస్తాడు? పోలీసు వ్యవస్థ ఎలా పనిచేస్తుంది, ఎవరిని పట్టుకుంటుంది, ఎవరిని వదిలేస్తుంది అని పరిశీలించి చదివినవాళ్ళు కావాలని ఆ రాష్ట్రానికి అప్పుడు అనుభవం మీద తెలిసింది. ఇక్కడ న్యాయకళాశాల 1992లో మొదలైంది. ఫిట్జ్‌జెరాల్డ్ పేరు ఎత్తకుండా ఒక్క సెమిస్టరూ గడవదని అమ్మాయి చెప్పింది.

ఒకరోజు కోర్టుకు వెళ్ళాం. జార్జి వీధిలో 2012లో తెరిచిన పెద్ద అద్దాల భవనం. సుప్రీంకోర్టూ, డిస్ట్రిక్టు కోర్టూ అందులోనే వున్నాయి. గోడ మీద జపాను చిత్రకారిణి యాయోయి కుసామా వేసిన కళ్ళు బారులు తీరి వున్నాయి; వేయి కళ్ళు కాదు, వేల కళ్ళు. ముద్దాయి సంగతి ఎలా వున్నా ప్లీడర్లకు మాత్రం అది మంచి హెచ్చరిక. ఎవరైనా లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. తలుపు దాటగానే న్యాయమూర్తి వైపు తలవంచి నమస్కరించాలి, బయటికి వచ్చేటప్పుడు కూడా.

దోపిడీ కేసు నడుస్తోంది. పన్నెండుమంది జ్యూరీ. మన దేశంలో జ్యూరీలు ఎత్తివేసి ఎన్నాళ్ళో అయింది. పన్నెండుమంది మామూలు మనుషులు నోటుపుస్తకాలు పట్టుకుని వింటూంటే నాకు కన్నులపండుగే అయింది. నేను క్రాస్ ఎగ్జామినేషన్ వింటూ, ఆ ప్రశ్న అడగకుండా వుండాల్సింది, ఈ ప్రశ్న ఇంకోలా అడగాల్సింది అని మనసులో లెక్కలు కట్టుకుంటున్నాను. బయటికి వచ్చాక అమ్మాయి అడిగిన ప్రశ్నలు వేరు. "బాబాయ్, సాక్షి రాత్రిపూట, అంత దూరం నుంచి, అంత కొద్దిసేపట్లో మనిషిని గుర్తుపట్టానన్నాడు కదా. అలాంటి గుర్తింపులు ఎంతవరకు నిలుస్తాయో పరిశోధనలున్నాయి. పోలీసులు ఫొటోలు ఎలా చూపించారో ఎవరూ అడగలేదేం?" అంది. ప్లీడరుగా నేను సాక్షి మాట వింటున్నాను. ఆ మాట ఎక్కడ పుట్టి, ఎవరెవరి చేతులు మారి బోనుదాకా వచ్చిందో అమ్మాయి చూస్తోంది.

ఇక నేను అన్నయ్యకు చెప్పబోయే తీర్పును నిశ్చయం చేసింది కెసెల్స్ రోడ్డే. విశ్వవిద్యాలయం నుంచి పడమటికి వెళితే 1982లో కామన్వెల్తు క్రీడలు జరిగిన స్టేడియం వస్తుంది. ఇంకా ముందుకు పోతే కూపర్స్ ప్లెయిన్స్ అనే చోట ఒక ఆస్పత్రీ, ఆ దాపునే ప్రభుత్వ ప్రయోగశాలా వున్నాయి. క్వీన్స్‌లాండ్‌లో ఎక్కడ హత్య జరిగినా, మానభంగం జరిగినా, రక్తపు మరకా, వెంట్రుకా, బట్టపేలికా డీఎన్‌ఏ పరీక్షకు ఇక్కడికే వచ్చేవి. 2018 మొదట్లో అక్కడివారు ఒక హద్దు పెట్టుకున్నారు. నమూనాలో డీఎన్‌ఏ ఆ హద్దుకన్నా తక్కువ వుంటే ఇక ముందుకు పరీక్షించేది లేదు. "తదుపరి పరీక్షకు చాలినంత డీఎన్‌ఏ లేదు" అని ఒక్క వాక్యం రాసి పంపేవారు. పోలీసులు ఆ వాక్యాన్ని ఫైల్లో పెట్టారు, ప్రాసిక్యూటర్లు నమ్మారు, కోర్టులు పుచ్చుకున్నాయి. 2013లో మకాయ్ పట్టణంలో జరిగిన ఒక యువతి హత్య గురించి పత్రికలవారు తవ్వుకుంటూ వస్తే ఈ ప్రయోగశాల లోపాలు బయటపడ్డాయి. 2022లో వాల్టర్ సోఫ్రోనాఫ్ విచారణ జరిపి, ఆ వాక్యం సత్యం కాదని తేల్చాడు. చాలదన్న నమూనాల్లో కొన్నిటిని మళ్ళీ పరీక్షిస్తే మనిషి ఆనవాలు దొరికింది! వేలాది కేసులు తిరిగి చూడవలసి వచ్చింది. తరువాత చట్టం చేసి ప్రయోగశాలను ఆరోగ్యశాఖ అజమాయిషీ నుంచి తప్పించారు.

మానం పోగొట్టుకుని, ధైర్యం చేసి, ఆస్పత్రిలో పరీక్షకు ఒప్పుకున్న ఆడపిల్లకు "ఏమీ దొరకలేదమ్మా" అని చెప్పి పంపారు. దొరకలేదన్నది నిజం కాదు. వెతకలేదు. ఈ రెండు మాటలకు మధ్య వున్న తేడాను పట్టుకోగల ప్లీడరు ఒక్కడు ఏదో ఒక కోర్టులో లేచి "చాలదంటే ఎంత? ఆ హద్దు ఎవరు పెట్టారు?" అని నిలదీసి అడిగితే, ఆ వాక్యం అన్నేళ్ళు బతికేదా? సెక్షన్లు తెలిసినవాళ్ళు అడగలేదు. అంకెలు తెలిసినవాళ్ళు కోర్టులో లేరు.

ఇది వాళ్ళ ఊరి గొడవే అనుకోవద్దు. మన కోర్టుల్లో ఫోరెన్సిక్ లాబొరేటరీ రిపోర్టు వస్తుంది, ఎగ్జిబిట్ నంబరు వేసుకుంటుంది. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో 293వ సెక్షను ప్రకారం ప్రభుత్వ నిపుణుడిని బోనెక్కించకుండానే అతని రిపోర్టును సాక్ష్యంగా తీసుకోవచ్చు. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అదే 329 అయింది. పైగా ఏడేళ్ళూ అంతకుమించీ శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్ళి తీరాలని 176వ సెక్షను అంటోంది. రాష్ట్రాలు దాన్ని అమల్లోకి తెచ్చుకోవడానికి అయిదేళ్ళ గడువిచ్చారు. రిపోర్టులు ఇక కుప్పలుగా వస్తాయి. వాటిని చదవగలిగిన వకీళ్ళేరి?

ఆ రాత్రే అన్నయ్యకు ఫోను చేసి, మానిపించాల్సిన సగమంటూ ఏమీ లేదని చెప్పాను. ఆయన ఊరుకోలేదు, "మరి ఇక్కడికొచ్చి ప్రాక్టీసు పెడుతుందా?" అన్నాడు. ఆ మాటకూ జవాబు చెప్పాలి. అక్కడ వకీలు కావాలంటే డిగ్రీ తరువాత వృత్తి శిక్షణ పొంది, సుప్రీంకోర్టు ఎదుట ప్రమాణం చేయాలి. ఇక్కడికి వచ్చి కోటు వేసుకోవాలంటే ఆ విదేశీ డిగ్రీని భారత బార్ కౌన్సిల్ గుర్తించాలి, అర్హత పరీక్షలో నెగ్గాలి. పొలం అమ్మి పిల్లల్ని పంపేవారు ముందుగా కనుక్కోవలసిన సంగతి ఇది. క్రిమినాలజీ సగానికి ఈ చిక్కు లేదు కాని, ఆ పేరుతో ఉద్యోగాలు మన దగ్గర ఇంకా కొద్దే.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు బోగో రోడ్డు జైలు చూశాను. 1903లో కట్టిన ఎర్ర ఇటుకల జైలు. బయటి నుంచి చూస్తే కోటలా వుంటుంది. 1989 దాకా ఇందులో ఖైదీలున్నారు. గదుల్లో పాయిఖానాలు లేవు, రాత్రికి బక్కెట్టే గతి. దాని పక్కనే వుండిన పాత జైల్లో 1883కూ 1913కూ మధ్య 42 మందిని ఉరితీశారు. 1922లో క్వీన్స్‌లాండ్ ఉరిశిక్షను రద్దుచేసింది. బ్రిటిష్ సామ్రాజ్యంలో అందరికన్నా ముందు.

గోడ నీడలో నిలబడి అమ్మాయి తన తరగతి వ్యాసం గురించి చెప్పింది. నిర్బంధంలో చనిపోయిన 99 మంది ఆదివాసుల కేసులు విచారించిన రాయల్ కమిషన్ 1991లో 339 సిఫార్సులు చేసింది. అప్పుడు దేశంలోని ఖైదీల్లో నూటికి సుమారు 14 మంది ఆదివాసులు. ఇప్పుడు మూడోవంతు దాటారు. జనాభాలో చూస్తే వాళ్ళు నూటికి నలుగురు కూడా లేరు. "ఒక్కొక్క తీర్పూ విడిగా చదివితే చట్టప్రకారం సరిగ్గానే వుంటుంది బాబాయ్. అన్నీ కలిపి చూస్తే ఇలా వుంది. ఈ రెండూ ఒకే వ్యాసంలో ఎలా రాయాలో తెలియడం లేదు" అంది.

"గడువెప్పటికి?" అన్నాను.

"శుక్రవారం."

ఇంకా మొదటి పేరా దగ్గరే వుంది. బస్సెక్కి ఇంటికి పోయాం. బస్సు టిక్కెట్టు, 2024 ఆగస్టు నుంచి, ఎంత దూరమైనా 50 సెంట్లే. దారి పొడుగునా ఆమె రాసుకుంటూనే వుంది.