మేడ మీద లావో క్లాసు

లువాంగ్ ప్రబాంగ్,
మార్చి నెల.

చిట్టీ,

నీ మనవడి ఫోటోలు చేరాయి. ముక్కు మాత్రం మీ ఆయనదే, ఇక వాదించకు. నలుగు పెట్టి నీళ్ళు పోస్తున్న ఫోటో ఇక్కడ భోజనాల దగ్గర అందరికీ చూపించాను. పసిపిల్లాడి ఒంటికి పిండి ఎందుకు రాస్తున్నారని ఒకటే ప్రశ్నలు. శనగపిండి, పసుపు, నువ్వులనూనె అన్నీ ఇంగ్లీషులో వివరించి ముగించేసరికి నా కంచంలో అన్నం చల్లారిపోయింది.

నీతోపాటు పాఠాలు చెప్పేవాళ్ళెవరు, నీ ఈడు వాళ్ళున్నారా, పొద్దుగూకాక ఎవరితో కబుర్లు అని అడిగావు. ఊరి గురించి ఒక్క ముక్క అడగలేదు చూడు, అదీ నువ్వంటే. అమ్మాయి పురుడు అడ్డం రాకపోతే నువ్వూ ఇక్కడే ఉండేదానివి. పక్కపక్కన మంచాలేసుకుని అందరి మీదా వ్యాఖ్యానాలు చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ పనంతా ఉత్తరంలో చెయ్యాల్సొస్తోంది.

అయినా ఊరి సంగతి రెండు ముక్కలు వినాలి. మెకాంగ్‌లో నామ్ ఖాన్ అనే చిన్న నది కలిసేచోట ఉంది. లావోస్‌కి ఒకప్పటి రాజధాని. 1995లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఏ వీధిలోకి వెళ్ళినా ఒక బౌద్ధాలయం. తెల్లవారకముందే భిక్షువులు వరసగా వస్తారు, ఊరివాళ్ళు నేలమీద కూర్చుని వాళ్ళ పాత్రల్లో జిగురన్నం పెడతారు, టూరిస్టులు వాళ్ళ మొహాల మీదికి కెమెరాలు పెడతారు. ఇప్పుడు కొండల మీద పోడు కోసం తగలబెడుతున్నారు. పొగకి అవతలి ఒడ్డు కనిపించదు, కళ్ళు మంట. ఊరి సంగతి ఇంతే.

మా బడి చిన్నది. పిల్లల్లో సగం మంది ఆలయాల్లో ఉండి చదువుకునే సామణేరులు. ఇంట్లో చదివించే స్తోమత లేక కాషాయం కట్టించిన పల్లె పిల్లలే ఎక్కువ. మిగతావాళ్ళు హోటళ్ళలో పనిచేస్తూ సాయంత్రం వస్తారు. మాలాంటి ఇంగ్లీషు వాలంటీర్లు ఈ ఊరికి కొత్తేం కాదు. బిగ్ బ్రదర్ మౌస్ అనే సంస్థ ఒకటుంది, 2006 నుంచి పిల్లలకి లావో భాషలో కథల పుస్తకాలు వేస్తోంది. దాని దగ్గర ఇంగ్లీషు మాట్లాడుకోవడానికి కుర్రాళ్ళు చేరుతుంటారు, దారినపోయే టూరిస్టు ఎవరైనా వెళ్ళి కూర్చుని మాట కలపొచ్చు.

ఇక తోటివాళ్ళు. కొత్త వాలంటీరు దిగిన రాత్రి బల్ల దగ్గర ఒక తంతు జరుగుతుంది. పేరు, దేశం, మానేసి వచ్చిన ఉద్యోగం, ఇక్కడికి ఎందుకొచ్చారు. చివరి ప్రశ్నకి అందరూ కాస్త గొంతు తగ్గించి, ఎక్కడో బాగా సాధన చేసిన జవాబు చెబుతారు. రెండు మూడు వారాలకి ఒక జట్టు పోతుంది, ఇంకో జట్టు వస్తుంది, మళ్ళీ అదే తంతు. మా పిల్లల గతీ అంతే. వచ్చిన ప్రతి కొత్త టీచరూ నీ హాబీ ఏంటని అడుగుతారు, వాళ్ళు ఫుట్‌బాల్ అని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. ఆ టీచరుకి పిల్లలకి ఇంగ్లీషు బాగా వచ్చేసిందన్న సంతోషం. అక్కణ్ణుంచి ఒక్క అడుగు పక్కకి వేసి, ఫుట్‌బాల్ ఎక్కడ ఆడతావు, బంతి ఎవరిది అని అడిగితే నిశ్శబ్దం. మా బల్ల దగ్గరా అంతే. తంతు అయిపోయాక రెండో రాత్రి ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియదు. ఆ రెండో రాత్రి దాటినవాళ్ళ గురించే నీకు రాస్తున్నాను.

మొదట ఇంగ్లండు ఆయన గురించి. యార్క్‌షైర్‌లో బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. పొడుగ్గా, ఎప్పుడూ నిక్కర్లో. మా అందరిలో ఇంగ్లీషు అమ్మభాష అయినవాళ్ళు తక్కువ, వాళ్ళల్లో ఈయన ఒకడు. విచిత్రమేమిటంటే బల్ల దగ్గర ఎవరికీ అర్థంకానిది ఈయన ఇంగ్లీషే. కొరియా కుర్రాడు, స్పెయిన్ పిల్ల, నేను ముగ్గురం మా ముగ్గురి ఇంగ్లీషులతో హాయిగా మాట్లాడుకుంటాం. ఈయన నోరు తెరిస్తే ముగ్గురం తల ఊపుతాం. వాళ్ళ ప్రాంతంలో ‘ది’ అనే మాటని పలకరు, మింగేస్తారు. లావోలో అసలు అలాంటి మాటే లేదు గనుక మా పిల్లలూ దాన్ని వదిలేస్తారు. నలభై ఏళ్ళు మనం కూడా పిల్లల చేత ఆ ‘ది’ పెట్టించడానికి నానా తిప్పలూ పడ్డాం కదా! అలాంటిది, ఇంగ్లీషువాడే దాన్ని మింగేస్తుంటే వెనకబెంచీలో కూర్చుని నాకు ఎంత హాయిగా ఉందో.

ఆయన గర్వం లేని మనిషి. ఒక రాత్రి నోటుబుక్కు పట్టుకుని నా గది ముందు నించుని, రేపు ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ చెప్పాలట, అది ఏంటి అని అడిగాడు. పుట్టినప్పటి నుంచీ వాడుతున్నాడు, దానికో పేరుందని తెలియదు. మనం రెన్ అండ్ మార్టిన్ నూరి తాగినవాళ్ళం కదా, వరండాలో కూర్చోబెట్టి చెప్పాను. లావోలో క్రియ మారదనీ, నిన్నైనా రేపైనా ఒకే రూపమనీ, పని అయిపోయిందని చెప్పాలంటే చివర వేరే మాట తగిలిస్తారనీ, అందుకే పిల్లలు తప్పు చేస్తున్నారు తప్ప బద్ధకం కాదనీ చెప్పాను. అంతా రాసుకున్నాడు. మర్నాడు బోర్డు మీద ఒక బస్సు స్టాపు గీశాడు. స్టాపులో ఒక మనిషి, మలుపు తిరిగిపోతున్న బస్సు. బస్సు వెళ్ళిపోయింది, అందుకే ఈ మనిషి ఇప్పుడు ఎండలో నించున్నాడు. నిన్న వెళ్ళిన బస్సుతో మనకి పని లేదు, ఇప్పుడు తప్పిపోయిన బస్సే మన బాధ. నా సర్వీసంతటిలో ఆ కాలాన్ని నేను అంత శుభ్రంగా చెప్పలేదే! అప్పటి నుంచి వారానికి రెండు మూడు రాత్రులు మా వరండాలో వ్యాకరణం నడుస్తోంది. నేను నియమం చెబుతాను, ఆయన దాన్ని బస్సెక్కిస్తాడు.

స్పెయిన్ పిల్లది సెవిల్. స్కూల్ అనమంటే ‘ఎస్కూల్’ అంటుంది. మా అమ్మ చచ్చేదాకా ‘ఇస్కూలు’ అనే అన్నది కదా, వినగానే పిల్ల మీద ప్రేమ పుట్టేసింది. ఎవరితో మాట్లాడినా భుజం మీద చెయ్యి వేస్తుంది, జబ్బ పట్టుకుంటుంది. ఇక్కడేమో ఆడవాళ్ళు సామణేరులని తాకకూడదు, పెన్సిలైనా చేతికివ్వకూడదు, బల్ల మీద పెడితే వాళ్ళు తీసుకుంటారు. మొదటివారం పాఠం చెబుతున్నంతసేపూ ఆ పిల్ల రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నించునేది. ఎవరూ చెప్పలేదు, తనకి తనే పెట్టుకున్న కట్టుబాటు. చేతులు కట్టేసుకుంటే తనకి మాట రావడం లేదని నవ్వుతూ ఒప్పుకుంది. దాని దేశం, ఉద్యోగం, ప్రేమ వ్యవహారం అన్నీ బల్ల దగ్గరే విన్నాను గానీ, ఆ వెనక్కి కట్టిన చేతులు చూశాకే ఈ పిల్ల గట్టిదనిపించింది.

కొరియా కుర్రాడు తక్కువ మాట్లాడతాడు. వచ్చిన రోజే నా వయసెంతని అడిగాడు. బల్ల దగ్గర మిగతావాళ్ళు గతుక్కుమన్నారు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. వయసు తెలియకుండా మనిషిని ఎలా పిలవడం? అప్పటి నుంచి నాకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇస్తాడు. అందరూ నన్ను పేరుపెట్టి పిలుస్తారు, అది ఇంకా అలవాటు కాలేదు. ఇరవై రెండేళ్ళ పిల్ల మెట్ల కింది నుంచి నా పేరు పెట్టి కేకేస్తే, ఎవరో నా కాలేజీ స్నేహితురాలొచ్చిందని పరిగెత్తాను ఒకసారి.

మా మేడ మీద రాత్రిపూట ఇంకో క్లాసుంది. మా బడిలోనే పాఠాలు చెప్పే స్థానిక కుర్రాడు మాకు లావో నేర్పుతాడు. వాడిది ఖ్ము అనే కొండజాతి, లావో వాడికీ బడిలో నేర్చుకున్న భాషే. ఈ క్లాసుకి వచ్చేవాళ్ళు నలుగురైదుగురే, మిగతావాళ్ళకి అదే వేళకి రాత్రిబజారు ఉంటుంది. తప్పు పట్టడం లేదు, సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు ఊరు చూడాలి కదా. కానీ ఈ మేడ మెట్లెక్కినవాళ్ళే నాకు స్నేహితులయ్యారు. కింద క్లాసులో ఒక్కొక్కళ్ళం ఒక్కో మెట్టు మీద ఉంటాం. మేడ మీద అందరం మొద్దులమే. లావోలో ‘దగ్గర’, ‘దూరం’ రెండూ ‘కై’. తేడా అంతా స్వరంలో. బస్సు డ్రైవరు నోట్లో దగ్గరవీ దూరమైనవీ ఏకమైపోయి, మాస్టారు కడుపు పట్టుకుని నవ్వుతాడు. తప్పు వచ్చినప్పుడు ఎవరు నవ్వుతారు, ఎవరు మొహం మాడ్చుకుంటారు, ఎవరు పక్కవాళ్ళకి మెల్లగా అందిస్తారు అన్నీ అక్కడే బయటపడ్డాయి.

ఆ ఖ్ము భాషకీ మన సవరల భాషకీ దూరపు చుట్టరికం ఉందని మాస్టారుకి చెప్పాను, రెండూ ఆస్ట్రో ఏషియాటిక్ కుటుంబమే. నమ్మలేదు. నువ్వు సీతంపేటలో పనిచేసిన రోజుల్లో నేర్చుకున్న సవర మాటలు ఏమైనా గుర్తుంటే రాసి పంపు, వాడితో సరిచూసుకుంటాను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు సవరలకి బళ్ళు పెట్టించే ముందు తనే వాళ్ళ భాష నేర్చుకున్నారనీ, 1931లో దానికి వ్యాకరణం కూడా అచ్చయిందనీ చెబితే మేడ మీద అందరూ శ్రద్ధగా విన్నారు. ఇంటర్నెట్ లేకుండానా అన్నాడు కొరియా కుర్రాడు.

అసలు చెప్పాల్సినది అమెరికా పిల్ల గురించి. ఆ పిల్లది మినెసోటా, సెయింట్ పాల్. తంతులో అంతే చెప్పింది. ఇక్కడి పిల్లలు దాని మొహం చూసి, కాదు, నిజంగా ఏ ఊరని గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు. మినెసోటా అనేది, నవ్వేది, పుస్తకం తెరిచేది. ఒకరోజు కొండమీది ఊరి నుంచి కొత్తగా ఒక కుర్రాడొచ్చాడు. నోరు విప్పడు. పక్కవాడితో ఏదో గొణిగాడు, బహుశా మా మీదే. వెనక నుంచి ఈ పిల్ల వాడి భాషలోనే జవాబు చెప్పింది. క్లాసంతా తిరిగి చూసింది. వాడైతే లేచి నించున్నాడు. అది మోంగ్ అనే కొండజాతి భాష.

ఆ రాత్రి మేడ మీద లావో పాఠం జరగలేదు, ఆ పిల్ల కథే విన్నాం. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఈ చిన్న దేశం మీద ఇరవై లక్షల టన్నులకి పైగా బాంబులు వేసింది. పేలనివి ఇప్పటికీ పొలాల్లో దొరుకుతున్నాయి. మోంగ్ వాళ్ళలో చాలామందిని అదే అమెరికా తన తరఫున యుద్ధంలోకి దింపింది. 1975లో ప్రభుత్వం మారాక వేలమంది మెకాంగ్ దాటి థాయిలాండు శిబిరాలకి పారిపోయారు. వాళ్ళలో ఈ పిల్ల తాతా నాయనమ్మా ఉన్నారు. తండ్రి పుట్టింది శిబిరంలో, తను పుట్టింది మంచుదేశంలో. ఆ నదినే మేం రోజూ టీ తాగుతూ చూస్తున్నాం. బస్సు డ్రైవరు ఏమీ అనలేదు, లేచి అందరి కప్పులూ తీసుకెళ్ళి కడిగాడు.

మర్నాడు ఆ పిల్ల నాయనమ్మతో వీడియో కాల్‌లో నన్నూ కూర్చోబెట్టింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు మోంగ్ రాదు, పిల్ల మధ్యలో. ఆవిడ ముందడిగింది: ఇది పోడు కాల్చే కాలం కదా, పొగ బాగా ఉందా? తర్వాత నాకు మనవలెంతమందని అడిగింది. లేరు, నా స్నేహితురాలికి ఇప్పుడే పుట్టాడని చెప్పాను. ఎక్కడంటే డాలస్ అన్నాను. మనవడితో మీ భాషలోనే మాట్లాడమని నీకు కబురు చెప్పమంది. నేను చెప్పేశాను, ఇక నీ ఇష్టం.

ఒక పని అప్పజెబుతున్నాను. ఏప్రిల్ నడుమ ఇక్కడ కొత్త సంవత్సరం, ఊరంతా నీళ్ళు చల్లుకుంటారు. అది చూసుకుని ఆ పిల్ల ఇంటికి బయలుదేరుతుంది. టికెట్టు డాలస్ మీదుగా, మధ్యలో ఆరేడు గంటలు ఖాళీ. అల్లుణ్ణి బతిమాలి కారులో వెళ్ళి చూసిరా. నీ గురించి అన్నీ చెప్పాను, ముక్కు తగాదాతో సహా. ఒక బుల్లి సీసాలో ఆవకాయ పట్టుకెళ్ళు. కారం గురించి బెంగ వద్దు, వాళ్ళింట్లో నూరిన మిరపకాయ లేనిదే ముద్ద దిగదట. సీసా 100 మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసేస్తారు, చూసుకో. నంబరు, ఫ్లైటు వేళ వాట్సాప్‌లో పెడతాను.

నీ,
నేస్తం.